అరిజోనా బాటలో రెండు డిష్‌లు

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, కాలిఫోర్నియా సరిహద్దుకు సుమారు 30 కిలోమీటర్ల ఇవతల, క్వార్ట్‌సైట్ అనే చిన్న ఊరు ఉంది. దాని స్థిర నివాసులు రెండు మూడు వేలకు మించరు. వేసవిలో 40 డిగ్రీలు దాటిన ఎండకు వీధులు నిర్మానుష్యంగా ఉంటాయి. శీతాకాలం రాగానే ఆ ఊరి రూపురేఖలే మారిపోతాయి. మంచు కురిసే ఉత్తర రాష్ట్రాల నుంచి, కెనడా నుంచి వేలాది కుటుంబాలు చక్రాల మీది ఇళ్ళతో అక్కడికి తరలివస్తాయి. పడకలు, వంటగది, స్నానాల గది అన్నీ అమర్చిన ఈ వాహనాలను అక్కడివారు ఆర్‌వీలంటారు. ఊరి పక్కనున్న ప్రభుత్వ భూమిలో ఏటా సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకు నామమాత్రపు రుసుముతో దీర్ఘకాలం మకాం వేసుకోవచ్చు. కనుచూపు మేర గులకరాళ్ళ నేల, అక్కడక్కడా ముళ్ళ పొదలు, దూరాన బోడి కొండలు, వాటి నడుమ బారులు తీరిన తెల్లని వాహనాలు. దాదాపు ప్రతి వాహనం పైనో పక్కనో దక్షిణ దిక్కుకు తిరిగిన ఒక డిష్.

ఆ ఊరి పాత సమాధుల స్థలంలో రాళ్ళతో పేర్చిన చిన్న పిరమిడ్ ఒకటుంది. దాని శిఖరాన రాగితో చేసిన ఒంటె బొమ్మ. అది హాజీ అలీ అనే ఒంటెల కాపరి సమాధి. 1856లో అమెరికా సైన్యం ఎడారి రవాణాకు ఒంటెలు పనికివస్తాయేమో పరీక్షించదలచి, మధ్యధరా తీరాల నుంచి వాటిని ఓడలో టెక్సాస్‌కు తెప్పించింది. వాటిని నడపడం తెలిసినవారిని కూడా వెంట తీసుకువచ్చింది. వారిలో హాజీ అలీ ఒకరు. ఆయన పేరు అక్కడివారి నోట తిరిగి తిరిగి ‘హై జాలీ’గా మారింది. మరుసటి ఏడు, ఎడ్వర్డ్ బీల్ అనే అధికారి కాలిఫోర్నియా వరకు బండిబాట వేయడానికి బయలుదేరినప్పుడు ఆ ఒంటెల దండుతో ఆయనా నడిచారు. అంతర్యుద్ధం రావడంతో ఒంటెల ప్రయోగం ఆగిపోయింది. హాజీ అలీ మాత్రం ఆ ఎడారిని విడిచిపోలేదు. 1902లో అక్కడే కన్నుమూశారు. ఆ పిరమిడ్‌ను 1935లో నిర్మించారు.

కడప నుంచి మూడు నెలల కోసం వచ్చిన అబ్బాజాన్‌ను వెంటబెట్టుకొని, ఏప్రిల్ మొదటి వారంలో మేమిద్దరు అన్నదమ్ములం సకుటుంబంగా ఈ ఊరికి వచ్చాం. ఇక్కడ మూడు రోజులుండి, అక్కడి నుంచి ఉత్తరాన ఉన్న గ్రాండ్ క్యానియన్ లోయకు వెళ్ళాలన్నది మా ఆలోచన. భాయీజాన్‌ది ఇంజనుతో కూడిన ఎనిమిదిన్నర మీటర్ల మోటారు ఇల్లు. దాని పైకప్పుకు డిష్ బిగించి ఉంది. మాది కారు వెనుక తగిలించుకునే ట్రైలర్. మా డిష్ విడిది. పెద్ద బిందెను బోర్లించినట్లుండే తెల్లని ప్లాస్టిక్ గుమ్మటం లోపల ఆ డిష్ తనంతట తాను తిరుగుతుంది. నాలుగైదు కిలోల బరువుంటుంది, చేత్తో మోసుకుపోవచ్చు. ఒకే దారిలో, ఒకే వాతావరణంలో ఈ రెండూ పనిచేసిన తీరును దగ్గరుండి చూడగలిగాం. ఇటీవల అమెరికాలో స్థిరపడిన మనవాళ్ళలో ఆర్‌వీ కొనేవారు, అద్దెకు తీసుకునేవారు పెరుగుతున్నారు. ఏ డిష్ మేలని వారు తరచు అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు జవాబు డిష్‌ల కన్నా ఎక్కువగా మనం బస చేసే చోట్లలో ఉందని ఈ ప్రయాణం తెలియజేసింది.

అసలు ప్రయాణంలో టీవీ ఎందుకన్న సందేహం రావడం సహజం. పిల్లలకు దాని అవసరం లేదు. వారికి రాళ్ళు ఏరుకోవడంతోనే పొద్దుపోయింది. కాని అబ్బాజాన్‌కు మగ్రిబ్ తర్వాత ప్రపంచ వార్తలు వినడం నలభై ఏళ్ళ అలవాటు. పైగా ఫోను సరిగా అందని చోట, మరునాటి వాతావరణం తెలియకుండా పెద్దవారిని, పసివారిని తీసుకొని కొండదారి పట్టడం వివేకం కాదు.

డిష్ పనిచేసే విధానం కొంత తెలిస్తే ఎంపిక సులువవుతుంది. టీవీ ప్రసారాలు అందించే ఉపగ్రహాలు భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున, భూమితో సమానంగా తిరుగుతూ, మన కంటికి ఆకాశంలో ఒకేచోట నిలిచినట్లుంటాయి. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నవారికి అవి దక్షిణాన కనబడాలి. కడపలో మా ఇంటి మిద్దెమీది డీటీహెచ్ డిష్‌కు ఉపగ్రహం సుమారు 72 డిగ్రీల ఎత్తున, దాదాపు నడినెత్తిన ఉంటుంది. ఇంటి ముందు వేపచెట్టు ఎంత పెరిగినా పెద్దగా అడ్డురాదు. అరిజోనాలో ఉపగ్రహం అంతకన్నా కిందికి దిగుతుంది. క్వార్ట్‌సైట్‌లో సుమారు 50 డిగ్రీలు, గ్రాండ్ క్యానియన్‌లో సుమారు 48. ఇంకా ఉత్తరాన, కెనడా సరిహద్దులోని గ్లేసియర్ పార్కుకు వెళితే 34కు పడిపోతుంది. ఎంత ఉత్తరానికి పోతే చెట్లు, కొండలు అంతగా అడ్డుపడతాయి.

కొలవడానికి పరికరాలేవీ అక్కర్లేదు. చేయి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే, ఆ పిడికిలి ఆకాశంలో సుమారు 10 డిగ్రీల మేర కప్పుతుంది. దక్షిణానికి తిరిగి, నేల ఆకాశాన్ని తాకే గీత నుంచి ఒకదానిపై ఒకటిగా ఐదు పిడికిళ్ళు కొలిస్తే, అరిజోనాలో ఉపగ్రహం ఉండే ఎత్తు దొరుకుతుంది. ఆ చోట ఆకులు కనిపిస్తే డిష్‌కు ప్రసారం అందదు. సన్నని కొమ్మలైనా సరే, తడిసిన ఆకులైతే మరీ కష్టం. 48 డిగ్రీల వద్ద స్థూలంగా చెట్టు ఎత్తు ఎంతో, డిష్‌కు చెట్టుకు నడుమ దాదాపు అంత దూరం ఉండాలి. గ్లేసియర్ పార్కులోనైతే 20 మీటర్ల చెట్టుకు 30 మీటర్ల దూరం కావాలి.

దిక్సూచి విషయంలోనూ ఒక జాగ్రత్త ఉంది. అరిజోనాలో దిక్సూచి ముల్లు నిజమైన ఉత్తరానికి సుమారు 10 డిగ్రీలు తూర్పుగా నిలుస్తుంది. అక్కడి నుంచి ఖిబ్లా ఉత్తరానికి కొంత తూర్పుగా, ఈశాన్యం వైపున ఉంటుంది. ఉపగ్రహమేమో దక్షిణాన ఉంటుంది. దిక్సూచితో ఈ రెండు దిశల్లో దేనిని చూసుకున్నా ఆ 10 డిగ్రీల తేడాను సవరించుకోవాలి.

క్వార్ట్‌సైట్‌లో పైకప్పు డిష్‌కు సాటి లేదు. భాయీజాన్ బండి ఆపి, కింద దిమ్మెలు పెట్టి సమతలం చేసి, లోపల ఒక మీట నొక్కారు. పడుకొని ఉన్న డిష్ లేచి నిలబడి, అటూ ఇటూ తిరిగి, కొద్ది నిమిషాల్లో ఉపగ్రహాన్ని పట్టుకుంది. ఈలోగా భాభీ టీ కూడా కాచలేదు. ఎటు చూసినా అడ్డులేని ఆకాశం, ఎక్కడ ఆపినా సరిపోయే నేల. మేము మాత్రం గుమ్మటాన్ని బయటికి తెచ్చి, చదునైన చోటు వెదకి, కేబులును ట్రైలర్ గోడకున్న సాకెట్టుకు తగిలించి, అది తనంతట తాను వెదుక్కునే వరకు వేచి ఉండవలసి వచ్చింది. ఇలాంటి గుమ్మటాలకు విద్యుత్తు సెట్‌టాప్ బాక్స్ నుంచి ఆ కేబులు ద్వారానే అందుతుంది కనుక వేరే తీగ అవసరం లేదు. ఆ మాట నిజమే గాని, రాత్రి ఎడారి గాలి లేచి గుమ్మటాన్ని కదిలించింది. టీవీలో బొమ్మ పోయింది. చలిలో టార్చిలైటు పట్టుకొని వెళ్ళి, దానిని సరిచేసి, పట్టీ బిగించి, చుట్టూ రాళ్ళు పేర్చి వచ్చాను. అదే గాలికి భాయీజాన్ తమ డిష్‌ను లోపలి నుంచే మీట నొక్కి పడుకోబెట్టారు. నిలబడి ఉన్న పళ్ళెంలాంటి డిష్ పెనుగాలికి వంగిపోయే ప్రమాదం ఉంది.

పైకప్పు డిష్‌లలో రెండు రకాలున్నాయని గుర్తుంచుకోవాలి. భాయీజాన్ వద్ద ఉన్నది బండి నిలిపాకే పనిచేస్తుంది. పళ్ళెం పెద్దది కనుక ప్రసారం గట్టిగా అందుతుంది. రెండవది గుమ్మటం రకం, బండి నడుస్తున్నప్పుడు కూడా ఉపగ్రహాన్ని వెన్నంటి ఉంటుంది. వెనుక కూర్చున్నవారు దారిలోనే టీవీ చూడవచ్చు. కాని గుమ్మటంలో పట్టే డిష్ చిన్నది. డైరెక్ టీవీ హెచ్‌డీ ప్రసారాలు వేరొక తరంగశ్రేణిలో రావడం వల్ల ఈ గుమ్మటాలు వాటిని అందుకోలేవు. అందుకే కదిలే గుమ్మటం గాని, విడి గుమ్మటం గాని కొనేవారిలో ఎక్కువమంది డిష్ నెట్‌వర్క్ చందానే ఎంచుకుంటారు. ప్రయాణం చేసిన నెలకే రుసుము కట్టే వెసులుబాటు కూడా ఆ సంస్థ కల్పించింది.

నాలుగవ రోజు ఉదయం ఉత్తరానికి బయలుదేరాం. పార్కర్, కింగ్‌మన్ ఊళ్ళ మీదుగా 40వ నంబరు జాతీయ రహదారి ఎక్కి తూర్పుకు మళ్ళాం. ఆ రహదారి చాలా చోట్ల బీల్ వేసిన పాత బండిబాటకు సమీపంగానే సాగుతుంది. హాజీ అలీ ఒంటెలు నడిచిన దారి ఇదేనని చెప్పగానే అబ్బాజాన్ కిటికీ అద్దం దించి చాలాసేపు బయటికి చూస్తూ కూర్చున్నారు. “ఆయనకు దారి చెప్పినవి నక్షత్రాలు, మనకు చెప్పేవి ఉపగ్రహాలు. ఎవరైనా పైకి చూడక తప్పదు కదా బేటా” అన్నారు.

బయలుదేరే ముందు భాయీజాన్ నిచ్చెన ఎక్కి డిష్ పూర్తిగా పడుకుందో లేదో కళ్ళారా చూసుకున్నారు. నిలిచిన డిష్‌తో రోడ్డెక్కితే అది విరగడం ఖాయం. పడుకున్న డిష్ సైతం బండి ఎత్తును కొంత పెంచుతుంది. తక్కువ ఎత్తు వంతెనలు, పెట్రోలు బంకుల కప్పులు దాటేటప్పుడు ఆ కొలత డ్రైవరుకు తెలిసి ఉండాలి.

గ్రాండ్ క్యానియన్ దక్షిణపు అంచు సముద్రమట్టానికి సుమారు 2,100 మీటర్ల ఎత్తున ఉంది. 446 కిలోమీటర్ల పొడవునా కొలరాడో నది కోసిన లోయ అది. లోతు ఒకటిన్నర కిలోమీటరుకు పైమాటే. దానిని చూసినవారు కాసేపు మాట మరచిపోతారు. 1919లో జాతీయ పార్కుగా ప్రకటించిన ఈ ప్రదేశంలో, లోయ అంచుకు కొద్దిదూరంలో మాథర్ క్యాంపు ఉంది. 30 అడుగులకు మించిన వాహనాలకు అక్కడ చోటులేదు. విద్యుత్తు, నీటి కనెక్షన్లు ఉండవు. పాండెరోసా అనే ఎత్తైన పైన్ జాతి చెట్లు, పొట్టి జునిపర్లు ఆ స్థలమంతటా పరచుకొని ఉన్నాయి. ఎల్క్ దుప్పులు మనుషుల మధ్యనే తిరుగుతుంటాయి.

ఎడారిలో మీట నొక్కగానే పలికిన డిష్ ఇక్కడ అరగంట వెదకి, తిరిగి పడుకుంది. బండికి దక్షిణాన రెండు నిలువెత్తు పాండెరోసాలు నిలిచి ఉన్నాయి. కార్యాలయంలో అడిగితే, క్యాంపు ఆవలి కొసన ఆకాశం తెరిపిగా ఉన్న చోటు ఒకటి ఖాళీగా ఉందన్నారు. భాయీజాన్ బండి జరపడానికి సిద్ధమయ్యారు. అయితే మాకు దొరికిన చోటు లోయ అంచుకు తీసుకుపోయే ఉచిత బస్సు ఆగే స్థలానికి నాలుగు అడుగుల దూరంలో ఉంది. మోకాళ్ళ నొప్పి ఉన్న అబ్బాజాన్ ఎవరి చేయీ పట్టుకోకుండా నడిచి వెళ్ళగలిగే దూరం అది. ఆవలి కొసకు పోతే ప్రతిసారీ ఆయన మా మీద ఆధారపడాలి. ఆ సంగతి మేము పైకి అనలేక తటపటాయిస్తుండగా ఆయనే అన్నారు: “టీవీ కోసం ఇంటిని జరుపుతారా? ఇల్లు ఇక్కడే ఉండనీయండి. ఆ చిన్న డిష్‌ను జరపండి.”

ఆ మాటతో సమస్య తీరింది. మా గుమ్మటాన్ని చేత్తో పట్టుకొని, పిడికిళ్ళు కొలుచుకుంటూ, చెట్ల సందున ఆకాశం కనిపించే చోటు వెదికాం. ట్రైలర్‌కు 12 మీటర్ల దూరంలో, మా స్థలం హద్దులోనే అటువంటి చోటు దొరికింది. మా కేబులు 15 మీటర్లది. అంతకు మించి సాగదీస్తే సంకేతం బలహీనపడుతుంది కనుక ఆ కొలతే మాకు హద్దు. పిల్లలకు, దుప్పులకు కాలికి తగలకుండా కేబులును నేలకు ఆనించి, మేకులతో బిగించాం. ఆ సాయంత్రం రెండు కుటుంబాలూ మా ట్రైలర్‌లోనే కూర్చుని వార్తలు చూశాయి.

మూడవ నాటి రాత్రి వాతావరణ చానల్‌లో, ఉత్తర అరిజోనా ఎత్తైన ప్రాంతాల్లో తెల్లవారేసరికి మంచు పడవచ్చని చెప్పారు. ఏప్రిల్‌లో కూడా అక్కడ అది వింత కాదు. ఉదయమే బయలుదేరవలసిన మేము ప్రయాణం ఒకరోజు వాయిదా వేసుకున్నాం. ఫజర్ వేళకు లేచి చూస్తే చెట్లన్నీ తెల్లబడ్డాయి. గుమ్మటం మీద పేరుకున్న మంచు వల్ల టీవీ ఆగిపోయింది. చీపురుతో తుడిస్తే తిరిగి పలికింది. పైకప్పు మీది డిష్‌కైతే ఆ తడిలో నిచ్చెన వేసుకోవలసి వచ్చేది. మధ్యాహ్నానికి మంచు కరిగింది. మరునాడు పొడి రోడ్డు మీద నిశ్చింతగా కొండ దిగాం.

ఇక ఖర్చు సంగతి. బిగింపు కూలితో కలిపితే పైకప్పు డిష్‌కు సాధారణంగా వెయ్యి డాలర్లు దాటుతుంది. విడి గుమ్మటం అందులో సగానికే దొరుకుతుంది. చేత్తో తిప్పుకునే ముక్కాలి పీట డిష్ ఇంకా చౌక, కాని దానికి ఓపిక, అభ్యాసం కావాలి. పైకప్పు డిష్‌కు కప్పులో రంధ్రాలు చేయాలి. వాటి చుట్టూ పూసే రబ్బరు లేపనాన్ని ఏటా పరిశీలించకపోతే వాననీరు లోపలికి దిగి చెక్క కుళ్ళిపోతుంది. సౌర ఫలకాలు అమర్చుకోవాలనుకునేవారికి కప్పు మీద చోటు తగ్గుతుంది. నిలబడిన డిష్ నీడ వాటిపై పడుతుంది. మాథర్ వంటి కనెక్షన్లు లేని చోట ఉండదలచినవారికి ఇది చిన్న విషయం కాదు. అద్దె బండికి రంధ్రాలు చేసే ప్రశ్నే లేదు కనుక, అద్దెకు తీసుకునేవారికి విడి డిష్ ఒక్కటే మార్గం. దాని లోపాలూ తక్కువేమీ కావు. దొంగల భయం ఉంటుంది, గొలుసు వేసి తాళం బిగించాలి. మకాం మార్చిన ప్రతిసారీ పరచాలి, సర్దాలి. ఆ పని వానలోనో చీకట్లోనో పడినప్పుడు ఇంట్లో ఎవరు చేస్తారో ముందే ఆలోచించుకోవాలి.

తెలుగు చానళ్ళ కోసం డిష్ కొనాలనుకునేవారికి ఒక హెచ్చరిక. చిన్న గుమ్మటాలు సంస్థ ప్రధాన ఉపగ్రహాలను మాత్రమే చూస్తాయి. విదేశీ భాషల చానళ్ళు అన్నీ వాటి నుంచే వస్తాయనుకోరాదు. కావలసిన చానల్ ఈ డిష్‌కు అందుతుందా అని కొనకముందే అడిగి తెలుసుకోవాలి. స్థానిక చానళ్ళు కూడా ఒక్కొక్క ప్రాంతానికి పరిమితమైన కిరణంలో వస్తాయి. ఇంటికి వందల మైళ్ళు దాటితే అవి ఆగిపోతాయి. సంస్థకు తెలియజేసి చిరునామా మార్పించుకోవాలి.

తెలుగు చానళ్ళను ఇప్పుడు చాలామంది ఇంటర్నెట్‌లోనే చూస్తున్నారు. అందుకోసం 2022 నుంచి ఆర్‌వీ ప్రయాణికులకు స్టార్‌లింక్ పలకలు వచ్చాయి. వాటి ఉపగ్రహాలు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులోనే వేగంగా పరుగులు తీస్తాయి. కనుక ఆ పలకకు దక్షిణాన ఒక సందు దొరికితే చాలదు, విశాలమైన ఆకాశం కావాలి. చెట్ల కింద దానికి మరింత ఇబ్బంది. అంటే పలకను కప్పుకు బిగించాలా, నేల మీద పెట్టుకోవాలా అన్న పాత ప్రశ్న అలాగే మిగిలింది.

నిర్ణయించుకునే ముందు రాబోయే రెండేళ్ళలో కుటుంబం బస చేయదలచిన చోట్లను ఒక కాగితం మీద రాసుకోవడం మంచిది. వాటిలో ఎడారులు, సముద్ర తీరాలు, మైదానాలు ఎక్కువుండి, రోజుకో ఊరు మారే ప్రయాణమైతే పైకప్పు డిష్ తీసుకోవాలి. అడవులు, జాతీయ పార్కులు ఎక్కువుండి, ఒక్కొక్క చోట నాలుగు రోజులు నిలిచే ప్రయాణమైతే విడి డిష్ తీసుకోవాలి. భాయీజాన్ వలె ఇప్పటికే పైకప్పు డిష్ ఉన్నవారు బండి గోడకు బయటి సాకెట్టు కూడా పెట్టించుకుంటే, అడవికి వెళ్ళినప్పుడు విడి డిష్‌ను ఎరువు తెచ్చుకొని తగిలించుకోవచ్చు. భాయీజాన్ ఫీనిక్స్ చేరిన వారంలోనే ఆ పని చేయించారు. ఇంట్లో వృద్ధులున్నవారు మాత్రం మొదట వారికి అనువైన చోట బండి నిలిపి, ఆ తర్వాతే డిష్ సంగతి చూసుకోవాలి.